మా ఊరి గవిని హద్దు

మా ముత్తాత పేరు హనుమప్ప నాయకుడు. ఆయన కొడుకు తిమ్మప్ప నాయకుడు. ఆయన పెద్దకొడుకు రంగప్ప నాయకుడు మా నాయన. ఎమ్మిగనూరుకు, కోసిగికి నడుమ ఉన్న ఊరు మాది. రాతి గోడ చుట్టిన ఊరు. ఆ గోడకు ఒకటే గవిని. దాని తలుపులు తెరవడం, మూయడం మా ఇంటి హక్కు. ఆ పనికి మాన్యం ఉండేది. పెళ్లి ఊరేగింపు గానీ, ఆదోని నుంచి గుర్రం మీద వచ్చిన అధికారి గానీ గవిని ముందు ఆగి, మా ఇంటి మనిషి రమ్మన్నాకే లోపలికి వచ్చేవాళ్లు. దసరాకు గవినికి కట్టే మొదటి తోరణం మాది.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదని అనను. గొప్ప కోసమే చెబుతున్నాను. నేను పుట్టేనాటికి గోడ లేదు, గవిని లేదు, మాన్యం లేదు. మా నాయన అతుకుల పంచె కట్టుకుని కూడా ఎవరింటికీ పిలవకుండా పోలేదు. నేను సర్వే శాఖలో చేరినప్పుడు ఆయన అన్న మాట ఒకటే: "ఊరి హద్దు కాసినోళ్లము. పొలం హద్దు కొలిసేదానికి పోతాండావు. నడుము వంచి కొలువు, తల వంచి కొలవొద్దు."

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, తుగ్గలి. నా ఉద్యోగం ఈ నాలుగు చోట్లే తిరిగింది. ఇప్పుడు ఆదోనిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఒక చోట కూర్చోవడం ఇప్పటికీ చేతకాదు. పొద్దున లేచి వీధుల వెంట తిరుగుతూ ఎవరి ప్రహరీ ఎంత ముందుకు జరిగిందో చూస్తుంటాను. సచివాలయాల్లో కొత్తగా చేరిన సర్వేయర్లు అప్పుడప్పుడు వచ్చి ఏదో ఒకటి అడుగుతారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీవోలు, ప్రమోషన్లు వాళ్లకే బాగా తెలుసు. వాటి జోలికి పోను.

గవిని అంటే

కోటకు గానీ, గోడ ఉన్న ఊరికి గానీ ఉండే పెద్ద వాకిలిని గవిని అంటారు. రెండు రెక్కల టేకు తలుపు, దానికి ఇనుప మేకులు, అడ్డగడియ దూర్చడానికి గోడలో పొడుగాటి తొర్ర. ఒక రెక్కలో మనిషి వంగి దూరేంత చిన్న తలుపు ఉంటుంది, దాన్ని దిడ్డి అంటారు. పొద్దు గూకాక పెద్ద తలుపులు మూసేవాళ్లు. ఆలస్యంగా వచ్చినవాడు దిడ్డిలో తల వంచి దూరాలి. తల వంచినవాడు కత్తి దూయలేడు. అదీ దాని లెక్క.

ఆదోనిలో ముసలి సాయిబులు దర్వాజా అంటారు. కోసిగి దాటి కర్ణాటక వైపు పోతే అగసి అంటారు. మా వైపు గవినే.

తలుపులు పోయాయి, మాట మిగిలింది. మిగిలిన మాట ఊరికే ఒక చోట పడి ఉండలేదు. బస్సు కండక్టరు "గవిని, గవిని, ఎవరప్పా దిగేది!" అని అరుస్తాడు. దిగి చూస్తే ఒక టీ బంకు, ఒక ఫ్లెక్సీ. ఆదోనిలో పత్తి మిల్లు ముందు పొద్దున్నే కూలికి నిలబడే ముసలమ్మలు ఆ ఇనుప గేటును మిల్లు గవిని అంటారు. ఎమ్మిగనూరులో నేను అద్దెకున్న మగ్గాల వీధి పక్కన గవిని సందు ఉంది. దాని కొసన ఇప్పుడు ఏటీఎం. రోడ్డుకు అడ్డంగా సిమెంటుతో కట్టే స్వాగత ద్వారమూ గవినే. మా ఊరి కుర్రవాళ్ల వాట్సాప్ గ్రూపు పేరు కూడా గవినే. అందులోకి ఎవరిని రానివ్వాలి, ఎవరిని తోసేయాలి అని మా తాతల కంటే ఎక్కువ కొట్లాడుకుంటారు.

సర్వేయర్ ఇవన్నీ వినాలి. విని ఊరుకోవాలి. టీ బంకు ఎటు జరిగితే పేరు అటు జరుగుతుంది. పేరు వెంట కొలత గొలుసు లాగినవాడు ఎవరో ఒకరి ఇంట్లోకి పోయి తేలుతాడు.

కరీం సాబ్

నాకు పని నేర్పింది ఆదోనిలో నా మొదటి పై అధికారి కరీం సాబ్. అంతకుముందూ తర్వాతా చాలామంది కింద పనిచేశాను. జీపు దిగని అధికారి దగ్గర నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. కరీం సాబ్ జీపు ఎక్కేవాడు కాదు.

తుగ్గలి వైపు ఒక చేను కొలతకు పోయాం. తొలకరి వాన పడిందంటే జొన్నగిరి చుట్టుపక్కల చేలన్నీ జనంతో నిండిపోతాయి. వజ్రం దొరుకుతుందని నడుము వంచుకుని రాయి రాయీ తిప్పి చూస్తారు. వాళ్లెవరో సర్వే రాయిని పెకలించి, కింద ఏమీ లేదని పారేసి పోయారు. రైతు మంచివాడు. పడి ఉన్న రాయిని ఎత్తి, తనకు సరి అనిపించిన చోట నిలబెట్టాడు. కరీం సాబ్ ఆ రాయి నుంచే గొలుసు వేయించి, పొద్దంతా కొలిచి, గట్టు చూపించాడు. పక్క చేను ముసలామె నీళ్ల బిందెతో వచ్చి నిలబడింది.

"ఏమి సాబూ, నా సేను సగం ఆయప్పకు రాసిచ్చినావు, నా సంకలో బిందె కూడా ఇయ్యమంటావా?"

కరీం సాబ్ నాలుగు వైపులా చూశాడు. పాత బండ్లబాట చాలా అవతలగా పోతోంది. తరతరాలుగా బండ్లు చేను తొక్కకుండా హద్దు వెంటే తిరిగిన బాట అది. ఆయన గట్టు మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత లేచి అందరి ముందూ కొలత రద్దు చేశాడు. తప్పు నా మీదికి తోయలేదు. గొలుసు చుట్టి తన భుజానే వేసుకున్నాడు.

"రాళ్లు నడుస్తాయప్పా నాయకా," అన్నాడు దారిలో. "జనం నడిచే దారి ఉంది సూడు, అది నడవదు. పటం విప్పేముందు జనం కాళ్లు సూడు."

మీ చేతుల్లో ఇప్పుడు రోవర్ ఉంది. ఆకాశంలో ఉపగ్రహాన్ని అడిగి వేలెడంత తేడా లేకుండా చెబుతుంది. కానీ ఎక్కడ నిలబడి అడగాలో అది చెప్పదు.

చిన్నాయన ఫోను

నేను రిటైరయ్యే ఏడు, కోసిగి వైపు ఊళ్లన్నీ ఖాళీ అయ్యే కాలం. మిరపకోతలకు గుంటూరు వైపు బస్సుల కొద్దీ పోతారు. అప్పుడు ఊరి నుంచి మా చిన్నాయన ఈరప్ప ఫోన్ చేశాడు. మా నాయన తమ్ముడు. మా ఇంట్లో ఊళ్లో మిగిలినవాడు ఆయనొక్కడే.

"రామప్పా, మన గవిని లేపుతాండామురా."

"పడిపోయి ఎన్ని తరాలాయ చిన్నాయనా, ఇబ్బుడు లేపేదేంది?"

"సిమెంటు కమాను. లారీ పోయేంత ఎడల్పు. పైన మీ ముత్తాత పేరు, దాని కింద మా నాయన పేరు. పంచాయతీ ఒప్పుకునింది. కర్సు మనదే. రోడ్డు పక్కన మన కొట్టం జాగా ఉంది కదా, దాన్ని అమ్మేదానికి మాటాడుకున్యా. అడ్వాన్సు తీసుకుని ఇనుము, సిమెంటు దింపిచ్చినా."

దాచను. తిమ్మప్ప నాయకుడనే పేరు రోడ్డు మీద, బస్సులో పోయేవాళ్లు తలెత్తి చదివేటట్టు ఉంటుందంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఫోన్ పట్టుకుని ఆఫీసు వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను.

"ఒగ ఇల్లు అడ్డముంది," అన్నాడు చిన్నాయన.

"ఎవరిది?"

"రూతమ్మది. బస్టాపు కాడ. అది గవిని పోరంబోకురా. నువ్వొచ్చి గొలుసేస్తే అయిపాయ."

సంగతి ఇది. ఊరి పటంలో గవిని నిలిచిన నేల సన్నటి పట్టీగా గుర్తు పెట్టి ఉంది. అది ప్రభుత్వానిది. దాని మీద ఎవరిల్లున్నా తీసేయవచ్చు. కానీ ఆ పట్టీ నేల మీద ఎక్కడ పడుతుందో చూపే రాళ్లు రోడ్డు వేసినప్పుడే పోయాయి. అది బస్టాపు దగ్గర ఉంటే రూతమ్మ ఇల్లు పోతుంది. ఊరంతా బస్టాపునే గవిని అంటారు.

నేను తహసీల్దారు మేడం దగ్గరికి పోయి, అది మా ఊరు, మా స్థలం పక్కనే ఉంది, వేరేవాళ్లను పంపండి అన్నాను. ఆమె సరేనని, "ఎమ్మిగనూరు సర్వేయర్ రోవర్‌తో కొలుస్తాడు. కానీ మొదలుపెట్టాల్సిన చోటు ఎవరో ఒకరు చూపించాలి కదా. పాత గవిని ఎక్కడో మీకంటే ఎవరికి తెలుసు? ఊరందరి ముందూ చూపించండి," అంది. ఒప్పుకున్నాను.

రూతమ్మ ఇల్లు

కొలతకు ముందు రోజు ఊరికి పోయాను. రూతమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. రేకుల కప్పు, తలుపు మీద సున్నంతో వేసిన సిలువ. కొడుకూ కోడలూ మిరపకోతకు బస్సెక్కి పోయారు. ఆమె మాత్రం ఎక్కలేదు. మూట కట్టి వాకిట్లోనే పెట్టుకుంది.

"నువ్వెందుకు పోలేదమ్మా?" అన్నాను.

"పోతే ఇల్లుండదు, ఉంటే కూడుండదు. ఏదో ఒగటి తేల్చుకుందామని కూసున్యా," అంది. "నువ్వొచ్చినావు గదా, తేలిపాయలే. కొలిచేదేముంది, కొలిచినట్టే."

"నేను ప్రభుత్వ మనిషిని."

"ఔను, సూస్తాండా గదా. మీ చిన్నాయన ఇంట్లో కాఫీ తాగొచ్చిన ప్రభుత్వం."

చిన్నాయన నా వెనకే ఉన్నాడు. "మాటలు సక్కగ రానీ రూతమ్మా. నీకు వేరే జాగా ఇప్పిస్తామని సెప్తిమి గదా."

"యాడ? సుడుగాడు కాడనా?" ఆమె లేచి నిలబడింది. నా వైపే తిరిగి మాట్లాడింది. "నాయకా, మా తాతను గవిని లోపలికి రానిచ్చినారా మీ వాళ్లు? పెద్ద తలుపు లేదు, దిడ్డీ లేదు. సెప్పులు సేత పట్టుకుని బయటే నిలబడినాడు. బయట నిలబెట్టింది మీ ఇంటోళ్లే. ఆయప్ప నిలబడిన సోటే గుడిసె ఏసుకున్యాడు, ఆ గుడిసె జాగాలోనే ఈ ఇల్లు లేసింది. బయటోళ్ల ఇల్లు ఇబ్బుడు గవిని కిందికి యాడనుంచి వచ్చ?"

"పాతయన్నీ ఎందుకు తవ్వుతావు?" అన్నాడు చిన్నాయన.

"తవ్వేది నేనా? నా ఇంటికి గునపం తెచ్చింది నువ్వు!"

గవిని ముందు ఎవరెవరు ఆగేవాళ్లో మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెప్పేవాళ్లు. ఎవరు అసలు లోపలికి రాలేదో ఎవరూ చెప్పలేదు. అయితే ఆమె మాట న్యాయమే అయినా కొలతకు ఆధారం కాదు. గవిని ఎక్కడుండేదో ఆమెకూ తెలియదు. తన ఇంటి కింద లేదని మాత్రమే తెలుసు.

దింపిన చోటు

ఆ మధ్యాహ్నమంతా రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. బస్టాపు నుంచి మా కొట్టం దాకా, కొట్టం నుంచి బస్టాపు దాకా. కొట్టం ఊరి లోపలివైపు ఉంటుంది. బస్టాపుకు, దానికి మధ్య నాలుగైదు ఇళ్లు. టీ బంకు మనిషి, "ఏమప్పా, ఏమన్నా పారేసుకున్యావా?" అన్నాడు. ఎండకు తల మాడుతోంది. ఎక్కడ నిలబడినా కాళ్లు ఆగడం లేదు.

నాలుగోసారో ఐదోసారో కొట్టం మూల దగ్గరికి వచ్చేసరికి ఆగాయి.

మా ఊళ్లో పీనుగను గవిని దాటగానే దింపుతారు. ఊరు దాటినట్టు లెక్క. పాడె నేల మీద పెట్టి, కొడుకు వంగి చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తాడు. పలకకపోతే మోసేవాళ్లు తలవైపు వాళ్లు కాళ్లవైపుకు, కాళ్లవైపు వాళ్లు తలవైపుకు మారి ఎత్తుకుంటారు. గవిని కూలిపోయినా ఆ దింపడం మానలేదు. ఇక్కడ దింపండని ఎవరూ చెప్పరు. అక్కడికి వచ్చేసరికి భుజాలే దిగుతాయి.

మా నాయన పోయినప్పుడు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది నేను. వెనక పాడె ఆగితే నేనూ ఆగాను. కుండ పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, "నాయనా, నాయనా, నాయనా" అన్నాను. నా మోచేయి గోడకు గీసుకుని తోలు లేచింది. ఆ గోడ మా కొట్టం మూల గోడ.

గవిని బస్టాపు దగ్గరుండేదైతే మా నాయన అక్కడ, రూతమ్మ ఇల్లు దాటాక దిగి ఉండాలి. దిగలేదు. అంటే గవిని నిలిచిన నేల మా కొట్టం కింద ఉంది. చిన్నాయన అడ్వాన్సు తీసుకున్న జాగా మాది కాదు.

ఆయనింటికి పోయాను. గడప దాటకుండానే అడిగాను.

"చిన్నాయనా, నాయనను యాడ దించినాము?"

"ఏమిరా?"

"మీ అన్నను. పాడె ముందుకొమ్ము మోసింది నువ్వే. యాడ దించినావు?"

ఆయన కొట్టం వైపు చూశాడు. చూశాక చూడనట్టు కండువా దులుపుకున్నాడు. "అది పాడె సంగతి. దానికీ దీనికీ ఏమిరా సమ్మందం?"

"గవిని దాటకుండా ఊరి నడుమ పీనుగను దించుతారా ఎవరన్నా?"

"ఊరంతా బస్టాపును గవిని అంటాండారు కదరా!"

"అననీ. పీనుగులు ఆడ దిగలేదు."

ఆయన గొంతు పెంచాడు. "నువ్వు పుట్టింది ఏ ఇంట్లోరా? ఉద్యోగమని ఊరొదిలి నువ్వు పోయినావు. ఈడ ఉండేది నేను. నిన్న మొన్న మీసం వచ్చినోడు కూడా నన్ను ఈరప్పా అని పిలుస్తాండాడు, తెలుసునా? ఒగ కమాను నిలిస్తే, దాని మీద మా నాయన పేరుంటే, దాని కిందనే గదరా పోవాల వాళ్లంతా!"

ఆ కమాను నాకూ కావాలి. ఇప్పటికీ కావాలి. కానీ గవిని కాసిన ఇంట్లో పుట్టి గవినిని తప్పు చోట చూపించడమంటే, దాన్ని కాసినట్టు కాదు. ఆ మాటే చెప్పాను. ఆయన తలుపు వేసుకున్నాడు.

కొలత

మరుసటి రోజు ఎమ్మిగనూరు సర్వేయర్ వచ్చాడు. ఊరు మూగింది. నేను ముందుగా ఏమీ చెప్పలేదు. పాడె మోసి అలవాటున్న నలుగురు పెద్దమనుషులను ఒక్కొక్కరినే పిలిచి, పీనుగను ఎక్కడ దింపుతారో అక్కడికి పోయి నిలబడమన్నాను. ఈ పద్ధతి గుర్తు పెట్టుకోండి. మాటతో అడిగితే పక్కవాడి మాటే చెబుతారు. నడవమంటే తమ నడకే నడుస్తారు.

"ఏమి నాయకా, బతికుండంగానే దింపుతావా?" అన్నాడు ఒక ముసలాయన. జనం నవ్వారు. నవ్వుతూనే పోయి కొట్టం మూల దగ్గర నిలబడ్డాడు. రెండో ఆయన అక్కడే, మూడో ఆయన అక్కడే. నాలుగో ఆయన అటు పోతూ, చేతులు కట్టుకుని నిలబడిన మా చిన్నాయన ముఖం చూసి నడుమ ఆగాడు.

"పోప్పా, పో," అన్నాడు చిన్నాయన. "నేనూ ఆడ్నే దించినా."

ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. నా ముఖాన తలుపు వేసుకున్నా నా రక్తం నా రక్తమే అనుకున్నాను.

మూలకు లోపలివైపు తవ్వించాం. మోకాలి లోతున ఒక బండ తగిలింది. దానిలో గుండ్రటి గుంత, గుంత లోపల అద్దంలాగా నునుపు. పెద్ద తలుపు ఏళ్లకేళ్లు తిరిగి అరగదీసిన గుంత అది. ఎదురుగా రోడ్డు అవతల రెండోది దొరికింది. అక్కడ రోవర్ నిలబెట్టి, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయికి లెక్క చూస్తే పటంతో సరిపోయింది. గవిని పట్టీ మా కొట్టం కింద పడింది. రూతమ్మ ఇల్లు దానికి చాలా బయట ఉంది.

రూతమ్మ నాకు దండం పెట్టలేదు. పెట్టి ఉంటే నాకే బాగుండేది కాదు.

"అయితే నేను రేపు బస్సెక్కొచ్చునా?" అంది.

"ఎక్కొచ్చు."

"నేను లేనప్పుడు ఎవరన్నా వచ్చి ఇల్లు తోస్తే?"

"తోయరు. తహసీల్దారు కాయితమిస్తుంది."

"ఆమె ఇచ్చేదాకా మిరపకాయలు సెట్టుకే ఉంటాయా? సరేలే." మూట తల మీదికి ఎత్తుకుని, మళ్లీ దించి, తలుపు తాళం రెండుసార్లు లాగి చూసుకుంది. బస్సు మరుసటి రోజు. అయినా ఆ పొద్దే బస్టాపులో పోయి కూర్చుంది.

కొత్తవాళ్లకు ఒక మాట. మీ సొంత ఊళ్లో కొలతకు పోకండి. పోవాల్సి వస్తే ఎవరి ఇంట్లోనూ కాఫీ తాగకండి. మీ ఇంట్లో అసలే తాగకండి.

కొట్టం తీసేశారు. అడ్వాన్సు ఇచ్చినవాడు తిరిగి అడిగాడు. అప్పటికే అది ఇనుము, సిమెంటు అయిపోయింది. వానకు సిమెంటు మూటల్లోనే గడ్డకట్టింది. ఊళ్లో మా ఇంటి పేరున మిగిలింది కొండకింది చేను ఒక్కటే, నాకూ చిన్నాయనకూ ఉమ్మడిది. ఆ బాకీ తీర్చడానికి అమ్మితే ఎమ్మిగనూరు పత్తి వ్యాపారి ఒకడు కొన్నాడు. చిన్నాయన ముందు సంతకం పెట్టాడు, తర్వాత నేను పెట్టాను.